మూడో తొట్టి

మా చేపపిల్లకి,

పోయింది తల్లీ, నా అరికాళ్ళ మంట పోయింది! చేత్తో తీసి అవతల పారేసినట్టు పోయింది! కుశలప్రశ్నలు తరవాత. ముందు ఈ మాట చదువుకో, ఇంకోసారి కూడా చదువుకో, అల్లుడుగారికి గట్టిగా చదివి వినిపించు. ఎన్నేళ్ళుగా నేను దుప్పట్లోంచి కాళ్ళు బయటపెట్టి, చల్లటి గోడకి ఆనించి పడుకుంటున్నానో నీకు తెలుసు. కారం రాసినట్టు, కందిరీగలు వంతులేసుకుని కుట్టినట్టు ఉండేది కదా. ఇవాళ పొద్దున్న లేచి కాసేపు కూర్చుంటే నాకు కాళ్ళున్న సంగతే గుర్తుకు రాలేదు. అంత సుఖం! నువ్వూ అల్లుడుగారూ పట్టుబట్టి మమ్మల్ని ఈ వేడినీటి ఊటల దగ్గరికి పంపించారు చూడు, మీరు నిండు నూరేళ్ళూ చల్లగా ఉండాలి.

ఇదేదో ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు నన్నొక మాట పూర్తి చెయ్యనిస్తావా? "నాన్నా మాత్ర వేసుకున్నావా, నాన్నా తల ముంచలేదు కదా" అని, ఈల ఊది పిల్లల్ని గట్టెక్కించినట్టు నన్నూ ఎక్కించేస్తావు. ఈలోగా మీ అమ్మ ఫోన్ లాగేసుకుంటుంది. ఈత నేర్పే కూతురూ, ఈదకుండానే అందర్నీ ఒడ్డున పెట్టే పెళ్ళామూ ఉన్న మగవాడికి మిగిలేది కాగితమే. కాగితం అడ్డు రాదు.

ఇక్కడ మా గది చిన్నదే గాని శుభ్రంగా ఉంది. రెండు మంచాలు, ఒక కిటికీ. కిటికీ తెరిస్తే ఎదురుగా కొండ, కొండ కింద పొగ. మొదటిరోజు మీ అమ్మ ఎవరి ఇల్లో తగలబడుతోందని కేకలేసింది. అది ఆవిరే. రాతి మెట్లు దిగి వెళ్తే ఆడవాళ్ళకొక షెడ్డు, మగవాళ్ళకొక షెడ్డు, మధ్యలో రేకు గోడ. మా వైపు మూడు తొట్లున్నాయి. మొదటిది గోరువెచ్చన, అందులో ముసలివాళ్ళు గేదెల్లా మెడదాకా మునిగి కబుర్లు చెప్పుకుంటారు. రెండోది ఇంకాస్త వేడి, అందులో మాటలుండవు, మూలుగులే. మూడోది పైన, రాయిని ఆనుకుని ఉంటుంది. రాయి సందులోంచి వచ్చే నీళ్ళు ముందు దాంట్లో పడి, అక్కడినుంచి చల్లారుకుంటూ మిగతావాటిలోకి దిగుతాయి.

నువ్వు రాసిచ్చిన జాగ్రత్తలన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. తల ముంచలేదు. ముక్కులోకి చుక్క పోనివ్వలేదు. వేడిగా నిలవుండే నీళ్ళల్లో కంటికి కనపడని పురుగు ఏదో ఉంటుందనీ, ముక్కులోంచి మెదడుకి ఎక్కుతుందనీ నువ్వు చెప్పినప్పట్నుంచీ ఎవడైనా పక్కన నీళ్ళు చిమ్మితే నేను చేత్తో ముక్కు మూసుకుంటున్నాను. అందరూ నాకేదో వాసన వస్తోందనుకుని దూరం జరుగుతున్నారు, మంచిదే, చోటు దొరుకుతోంది. ఖాళీ కడుపుతో దిగట్లేదు. లేచేటప్పుడు కడ్డీ పట్టుకుని మెల్లగా లేస్తున్నాను. నువ్వన్నట్టే, చటుక్కున లేచిన ఒకాయన కళ్ళు తిరిగి గోడకి చేరబడ్డాడు. ఆయన పూర్వం రైలు గార్డు. ఇప్పుడు నాకు ప్రాణస్నేహితుడు. జేబులో ఈల లేకపోయినా నోట్లో ఉంటుంది, ఏ మాట మొదలెట్టాలన్నా ముందు ఒకసారి ఊదుతాడు.

ఆ మూడో తొట్టి సంగతి చెప్పాలి నీకు. తొట్లు చూసుకునే మనిషి ఒకడున్నాడు, అందరూ మేస్త్రీ అంటారు. తాడుకి కట్టిన థర్మామీటరు మెళ్ళో వేసుకుని తిరుగుతాడు. నేను మెట్లెక్కి మూడోదాని వైపు వెళ్తుంటే కేకేశాడు.

"పెద్దాయనా, దాని జోలికి పోకండి! అది వచ్చినవాళ్ళకి చూపించడానికే."

అక్కడ బోర్డు కూడా ఉంది. వేడి ఓర్చుకోలేనివారు ఇందులో కాలు పెట్టరాదు అని.

"ఓర్చుకోగలిగినవాడు పెట్టొచ్చనేగా దానర్థం?" అన్నాను.

"మీరు ఓర్చుకోగలరా బావగారూ?" అని గార్డుగారు ఈల ఊదాడు.

నేనా! హోటలు లాండ్రీలో జీవితమంతా ఇస్త్రీపెట్టెతో కాపురం చేసినవాణ్ణి. పొగలు కక్కే టీ గ్లాసు గుడ్డ లేకుండా పట్టుకునేవాణ్ణి. నన్నా అడగడం? చెప్పులు విడిచి, గట్టు మీద కూర్చుని, రెండు కాళ్ళూ మడమలదాకా పెట్టేశాను. ఏమీ లేదు తల్లీ! హాయిగా ఉంది. గార్డుగారు నమ్మక తన బొటనవేలు ముంచాడు. "చచ్చాన్రోయ్!" అని ఒంటికాలి మీద గెంతుకుంటూ రెండో తొట్టిలో పడ్డాడు. షెడ్డంతా చప్పట్లు. మేస్త్రీ పరుగెత్తుకొచ్చి థర్మామీటరు ముంచి నాకు చూపించాడు.

"చూడండి, ఎక్కడుందో చూడండి!"

"గాజుగొట్టానికేం తెలుసయ్యా నా కాళ్ళ సంగతి?" అన్నాను.

అప్పట్నుంచి నా పేరు నిప్పుకోడి. పొద్దున్నా సాయంత్రం నేను కాళ్ళు పెట్టడం చూడ్డానికి జనం చేరుతున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళని గార్డుగారే తీసుకొచ్చి చూపిస్తున్నాడు, టిక్కెట్టు పెట్టలేదు, అదొక్కటే తక్కువ. రేకు గోడ అవతలినుంచి మీ అమ్మ గొంతు వినిపిస్తుంది, "ఏమిటండీ ఆ గోల, మీరు స్నానానికొచ్చారా, సర్కసుకొచ్చారా?" అని. మేస్త్రీ మాత్రం మొహం గంటు పెట్టుకుని తిరుగుతున్నాడు. పాపం, నా సంగతి తెలియదు.

ఫలితం చూడు మరి. ముందు మంట తగ్గింది, ఇప్పుడు పూర్తిగా పోయింది. కాళ్ళు దూది మూటల్లా ఉన్నాయి. కుడికాలి వేళ్ళ దగ్గర ఎర్రగా చిన్న బొబ్బలాంటిది లేచిందని మీ అమ్మ రాద్ధాంతం చేస్తోంది. కొత్త చెప్పులు కరిచాయి, అంతే. నొప్పైనా లేదు. నేనిక్కడ ఇంకొన్నాళ్ళు ఉండిపోదామనుకుంటున్నాను. కాళ్ళనొప్పులూ కీళ్ళనొప్పులూ ఉన్న మన బంధువులందరికీ కార్డులు రాసి పడేశాను, వెంటనే బయల్దేరి రమ్మని. ఒక్కణ్ణే సుఖపడితే ఏం బావుంటుంది?

కాళ్ళు తేలికైపోయిన
మీ నాన్న


చేపపిల్లా,

మేం బాగానే ఉన్నాం. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నేను స్నానానికి వెళ్ళాననే మీ అమ్మ చెప్తోందని విసుక్కున్నావట. నిజమే, వేళలు మార్చారు. రద్దీగా ఉంది.

నువ్వు రావాలనుకోకు. దారి తవ్వేశారు, బళ్ళు సరిగ్గా రావడం లేదు. పిల్లల్ని పోటీలకి తీసుకెళ్ళాలి కదా, ఆ పని చూసుకో. చెప్పు కరిచిన చోట కొంచెం పచ్చిగా ఉంటే ఇక్కడెవరికో చూపించాను, కట్టు కట్టారు. పెద్దదేం కాదు. రాత వంకరగా ఉందనుకోకు, ఇక్కడ బల్ల లేదు, పడుకుని రాస్తున్నాను. బద్ధకం.

మీ అమ్మ బాగుంది. వాతావరణం బాగుంది.

మీ నాన్న


అమ్మడూ, నా బంగారుతల్లీ,

ఇవాళ నాకు నొప్పి పుట్టింది! ప్రాణం జివ్వుమనేంత నొప్పి! కాలు ఉంటుందట!

ముందు కూర్చో. నిలబడి చదవకు. అల్లుడుగారు ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకో. నేను బతికే ఉన్నాను, నా కాలు నాకే ఉంది, పొద్దున్నే రొట్టె తిన్నాను, ఇంకో రొట్టె అడిగితే నర్సమ్మ చక్కెర పేరు చెప్పి తిట్టింది. ఇవన్నీ తెలుసుకున్నాకే మిగతాది చదువు. అన్నీ అయిపోయినవే. అయిపోయినవాటికి ఏడవకూడదు.

ఇంతకు ముందు ఉత్తరం ఆసుపత్రి మంచం మీదనుంచి రాశాను. ఊటల దగ్గర కాదు, కింద పట్నంలో. నేను స్నానానికి వెళ్ళానని మీ అమ్మ చెప్పినప్పుడల్లా నేను ఈ మంచం మీదే ఉన్నాను, ఆ మాట నేనే చెప్పించాను. పక్కనే కూర్చుని నా మొహం చూస్తూ నీతో ఆ అబద్ధం చెప్పేది. ఒకసారి ఫోన్ పెట్టేసి, "ఇన్నిసార్లు స్నానానికి పంపాను మిమ్మల్ని, ఇక ఆ పాపం కడుక్కోడానికైనా లేచి తిరగండి" అంది. ఏడవలేదు. మీ అమ్మ ఏడిస్తే నాకు భయం తగ్గేది.

జరిగింది వరసగా చెప్తాను. చెప్పు కరిచిందనుకున్నది చెప్పు కరిచింది కాదు. మూడో తొట్టి కరిచింది. ఒక సాయంత్రం స్నానం చేసి వచ్చి గదిలో అటూ ఇటూ తిరిగాను. గచ్చు మీద తడి అడుగులు పడ్డాయి, కాసేపటికి ఆరాయి. కుడికాలి అడుగులు మాత్రం ఆరలేదు. "ఏమండీ, ఈ కాలు తుడుచుకోలేదా?" అని మీ అమ్మ గుడ్డ తీసుకుని వంగింది. వంగినమనిషి వంగినట్టే ఉండిపోయింది. అరికాలి ముందుభాగం అంతా తోలు ఊడి ఉందట. వేళ్ళ మధ్య నల్లగా ఉందట. నేను కాలు మడిచి చూసుకున్నాను. ఇంకెవరిదో కాలు చూసినట్టుంది గాని నాదని అనిపించలేదు. చూస్తే భయమేసింది, ఒత్తితే ఏమీ లేదు. ఆ పుండుతోనే నేను అప్పటికి ఎన్ని పూటలు నీళ్ళల్లో కాళ్ళు పెట్టానో! పుండుతో దిగొద్దని కూడా రాశావు నువ్వు. పుండుందని తెలిస్తే కదా.

తెల్లారేసరికి చలి పట్టుకుంది. పళ్ళు టకటకలాడుతుంటే గార్డుగారు వచ్చి ఈల ఊదకుండా మాట్లాడాడు, అప్పుడే అనుకున్నాను పరిస్థితి బాగాలేదని. మేస్త్రీ వ్యాను పిలిచాడు. నన్ను ఎక్కించేటప్పుడు మేస్త్రీ ఒక్క మాట కూడా అనలేదు. అనాల్సింది. అంటే నాకు తేలికగా ఉండేది. మూడో తొట్టికి తాళం వేశాడని తరవాత తెలిసింది.

ఇక్కడ ఇద్దరు డాక్టర్లు చూశారు. పెద్దాయన తెల్లజుట్టాయన, కట్టు విప్పించి, ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని, మోకాలి కిందదాకా తీసెయ్యడం మేలన్నాడు. లేకపోతే విషం పైకి పాకుతుందన్నాడు. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. చొక్కా చెయ్యి కాలిపోతే పొట్టి చేతులు చేసి ఇచ్చేవాళ్ళం కదా లాండ్రీలో, అలాగే అనిపించింది. సరేనన్నాను. ఆయనకూడా నేనంత తొందరగా సరేనంటానని అనుకోలేదేమో, కళ్ళజోడు సర్దుకున్నాడు. మీ అమ్మ అంది, "కాలు ఆయనదే కావచ్చు డాక్టరుగారూ, ఆయన్ని మోసేది నేను. నన్నడగండి" అని. పక్కనున్న డాక్టరమ్మ, నీ ఈడుదే ఉంటుంది, కాలు పైభాగంలో మిషను పెట్టి రక్తం పారుతున్న చప్పుడు వింది. మీ అమ్మని కూడా పిలిచి వినిపించింది. బుస్ బుస్ మంటోంది. "కాలికి నెత్తురు వస్తోందమ్మా. కుళ్ళిందంతా తీసి శుభ్రం చేస్తూ కాస్త చూద్దాం. కానీ జ్వరం పెరిగిందంటే మాత్రం నేనాగను, మీరూ ఆపకూడదు" అంది. పెద్దాయన కూడా ఒప్పుకున్నాడు. అప్పట్నుంచి జ్వరం చూసే గొట్టమే మా ఇద్దరికీ లోకం. నా నోట్లోంచి అది తియ్యగానే మీ అమ్మ నర్సమ్మ కన్నా ముందు లాక్కుని వెలుతురుకి పెట్టి చూసేది.

నీకెందుకు చెప్పలేదంటావు. నీకు కోపమొచ్చినా సరే, ఉన్నమాట రాస్తున్నాను. ఈ ప్రయాణం నువ్విచ్చింది. ఉద్యోగం మానేశాక నాన్న కాళ్ళకి కాస్త సుఖం ఉండాలని, గది నువ్వు మాట్లాడి, సంచి నువ్వు సర్ది, బండి ఎక్కించి, కిటికీలోంచి చెయ్యి వదలకుండా కాసేపు నడిచావు. అలాంటిదానికి, నీ కానుక పుచ్చుకుని వెళ్ళి కాలు ఇచ్చొచ్చానమ్మా అని ఎలా చెప్పను? ఇంకెప్పుడైనా ఎవరికైనా ఏదైనా మనస్ఫూర్తిగా ఇవ్వగలవా నువ్వు? అందుకని కాలు తీసేస్తే తీసేశాక, నువ్వు వచ్చేసరికి మంచం మీద కూర్చుని నవ్వుతూ చెబుదామనుకున్నాను. ఏం చెప్పాలో కూడా రిహార్సలు వేసుకున్నాను. "ఇకమీదట ఒక్క చెప్పే కొంటే చాలు" అని మొదలెడదామనుకున్నాను. మీ అమ్మకి చెప్తే, "ఆ మాట పిల్ల దగ్గర అన్నారంటే రెండో కాలు నేను విరుస్తాను" అంది.

రోజూ పొద్దున్నే డాక్టరమ్మ వచ్చి కత్తెరతో చచ్చిన కండ తీసేది. నేను పక్క మంచం ఆయనతో కబుర్లు చెప్తుండేవాణ్ణి. నా కాలి మీద కత్తెర ఆడుతుంటే నేను ఆయనకి చొక్కా కాలరు ముడత పడకుండా ఇస్త్రీ ఎలా చెయ్యాలో చెప్పడం! ఆయన నా కాలు చూసి మొహం తిప్పుకునేవాడు, నేను విను విను అనేవాణ్ణి. మధ్యలో ఒకరోజు చివరి రెండు వేళ్ళూ తీసేశారు. అవి ఎటూ మిగలవని ముందే చెప్పారు. దానిక్కూడా నాకేం తెలియలేదు. తెలియకపోవడమే గొప్పనుకుంటున్నాను నేనింకా, లోపల్లోపల. డాక్టరమ్మే ఆ గొప్ప కాస్తా దించింది.

"తాతగారూ, మీరు వేడిని ఓర్చుకోలేదు. వేడి మీకు తెలియలేదు" అంది.

"రెండూ ఒకటి కాదా అమ్మా?"

"కాదు. ఇంట్లో నిప్పంటుకుందని కేకేసేవాడు ఒకడుంటాడు. వాడి గొంతు పోయింది. నిప్పు ఆరినట్టా?"

చక్కెర జబ్బు ఎన్నాళ్ళుగానో నరాలని తినేసిందట. నేను పడ్డ మంట అంతా ఆ నరాలు చచ్చేముందు పెట్టిన గోలట. మంట పోయిందని నేను సంబరపడి నీకు పెద్ద ఉత్తరం రాశానే, ఆరోజు నా కాలు బాగుపడలేదు తల్లీ, నోరు మూసుకుంది. నేను మాత్రలు వేసుకుంటున్నాను, అది చాలనుకున్నాను. కాలు ఎవడు చూపిస్తాడు డాక్టరుకి? నాలిక చూపిస్తాం, చెయ్యి ఇస్తాం. చెప్పులు గుమ్మం బయటే వదిలి వెళ్తాం గాని కాళ్ళ సంగతి ఎత్తం.

ఇక ఇవాళ్టి సంగతి విను! పొద్దున్న మామూలుగానే డాక్టరమ్మ వచ్చింది. రాత్రే జ్వరం దిగిపోయింది. నేను పక్కాయనకి పట్టుచీరకి ఎంత వేడి పెట్టాలో చెప్తున్నాను. ఒక్కసారిగా ఎవరో అరిచారు. ఎవరా అని చూస్తే నేనే! పాదం మధ్యలోంచి తొడదాకా మెరుపు కొట్టినట్టయింది. డాక్టరమ్మ కత్తెర పళ్ళెంలో పెట్టేసి నావైపు చూసింది.

"ఇంకోసారి అరవండి తాతగారూ" అంది.

"మీరింకోసారి పొడిస్తే అరుస్తాను!" అన్నాను.

పొడిచింది. అరిచాను. నర్సమ్మ నవ్వింది, పక్కాయన మంచం మీద లేచి కూర్చున్నాడు, మీ అమ్మ మాత్రం గోడవైపు తిరిగి నిలబడింది. అప్పుడు ఏడ్చింది తల్లీ మీ అమ్మ. నాకు నొప్పి పుడుతుంటే ఇన్నాళ్ళకి ఏడ్చింది. కండ కింద ఎర్రగా, సజీవంగా ఉందట. నెత్తురు కూడా మంచిది వచ్చిందట. పెద్దాయన వచ్చి చూసి తలూపి, "పాదం ఉంచుదాం" అన్నాడు. రెండు మాటలు. ఆయనకి అంతే, నాకు మాత్రం ఆ మాటలు ఇస్త్రీ చేసి మడత పెట్టి దాచుకోవాలనిపించింది. మానడానికి చాలాకాలం పడుతుందట, చేతికర్ర ఉండాలట, నాకోసం వేరే రకం చెప్పులు కుట్టిస్తారట. కుట్టించనీ! రెండు చెప్పులూ కుట్టించనీ!

నువ్వు ఇప్పుడేమనుకుంటున్నావో నాకు తెలుసు. నేనే పంపాను, నేనే పంపాను అనుకుంటున్నావు. ఆ మాట అక్కడే ఆపు. నువ్వు జాగ్రత్తలన్నీ రాశావు. అన్నిటికన్నా కింద గీత గీసి మరీ రాసింది, వేడి ఎక్కువనిపించగానే కాళ్ళు తీసెయ్ అని. సరైన మాటే. లోకంలో ఎవరికైనా చెప్పే మాటే. కాని అనిపించడమంటూ ఉండాలి కదమ్మా. తగలనిదాన్ని తీసెయ్యడం ఎలా? అది నీకు తెలియదు, నాకూ తెలియదు. ఆ సంగతి తెలిసిన గాజుగొట్టం ఒకటి మేస్త్రీ మెళ్ళో ఉంది, దాన్ని నేను వెక్కిరించాను. ఇందులో నీ భాగం ఎక్కడుంది? ఎంత వెతికినా నాకు దొరకలేదు.

నీళ్ళు మంచివా చెడ్డవా అని డాక్టరమ్మని కూడా అడిగాను. గార్డుగారు ఇప్పటికీ మొదటి తొట్టిలో రోజూ కూర్చుంటున్నాడు, ఆయన మోకాళ్ళు నిజంగానే సాగుతున్నాయి. మీ అమ్మ నడుంనొప్పి కూడా తగ్గింది, ఒప్పుకోదు గాని. నీళ్ళకి మనమీద ప్రేమా లేదు, పగా లేదు. అవి రాయిలోంచి ఎంత వేడితో వస్తాయో అంత వేడితో వస్తాయి. దిగేవాడి ఒళ్ళు ఎలాంటిదన్నదే లెక్క. నాలాంటివాడు వేడి నీళ్ళు కాలితో చూసుకోకూడదట, థర్మామీటరు పెట్టాలి, లేదా ఇంకొకరి మోచెయ్యి పెట్టించాలి. పుండుంటే ఏ నీళ్ళల్లోనూ దిగకూడదు. నిన్న నర్సమ్మ తెచ్చిన ఒళ్ళు తుడిచే నీళ్ళల్లో మీ అమ్మ మోచెయ్యి ముంచి, "ఊఁ" అన్నాకే నన్ను ముట్టుకోనిచ్చింది.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిన పనుంది. నిప్పుకోడినైన సంబరంలో నేను అందరికీ కార్డులు రాశాను కదా, వాళ్ళు బయల్దేరకముందే నువ్వు చెప్పాలి. ముందు నాన్న కాలు దక్కిందని చెప్పు, ఆ తరవాతే నేను రాసిన కార్డు చింపెయ్యమని చెప్పు.

మీ మేనత్తకి చెప్పు. అక్కయ్యకి చక్కెర లేదు, మోకాళ్ళే. కావాలంటే వెళ్ళొచ్చు, మొదటి తొట్టి వరకే. రక్తపోటుకి మందు మింగుతుంది కాబట్టి ఎక్కువసేపు కూర్చోకూడదు, లేచేటప్పుడు ఒకరు పట్టుకోవాలి.

మీ పెద్దమామయ్యకి చెప్పు. ఆయన గుండెకి ఆపరేషనైంది, తన డాక్టరుని అడక్కుండా అడుగు బయట పెట్టకూడదు. ఆయనకి వినపడదు, వినపడ్డా వినడు. అత్తయ్యకి చెప్పు, సంచి దాచేస్తుంది.

మీ పిన్ని కూతురికి చెప్పు. నడుంనొప్పని ఆ అమ్మాయి కూడా పిన్నితో వస్తానందట. నెల తప్పిందిగా, అంత వేడి నీళ్ళల్లో కూర్చోకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది.

మీ అత్తగారికి నువ్వు కాదు, అల్లుడుగారు చెప్పాలి. ఆవిడకి చక్కెర ఉంది. వియ్యంకుడు రాశాడంటే వేదమనుకుని ఈపాటికి పెట్టె సర్దేసి ఉంటారు. ఆవిడ పాదాలు ఓసారి డాక్టరుకి చూపించమను. నా మాటగా క్షమాపణ కూడా చెప్పమను.

చివరగా మీ బాబాయి. అసలు వీడి దగ్గరికే ముందు వెళ్ళు, ఫోన్ చెయ్యకు, నువ్వే స్వయంగా వెళ్ళు. పోయినసారి మనింటికి వచ్చినప్పుడు వీధి చివరదాకా ఒంటి చెప్పుతో నడిచి, రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియలేదని నవ్వుతూ చెప్పాడు. మనమూ నవ్వాం. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమను. ఇక్కడ డాక్టరమ్మ నాకు చేసినట్టు, చిన్న దూదిపింజ తీసుకుని అరికాలి మీద నాలుగైదు చోట్ల తాకు, ఎక్కడెక్కడ తాకావో చెప్పమను. చెప్తే సరే, నాలుగు కబుర్లు చెప్పి వచ్చెయ్. కాని కళ్ళు మూసుకునే, "ఇంకా మొదలెట్టవేమే?" అని అడిగాడనుకో, అప్పుడు నవ్వకు. వాడి చెప్పులు నువ్వే తొడిగి, ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకుపో.

రెండు కాళ్ళున్న
మీ నాన్న